పసుపు కింద గీతలు

కాకినాడలో ఇప్పుడు ఆరోగ్య గాజు లేని చెయ్యి కనబడదు. ఒంటిమీద చిన్న గీత పడితే చాలు, ఆ గాజు వీధంతా వినిపించేలా మొత్తుకుంటుంది: "పిల్లి రక్కింది. సబ్బుతో పావుగంట కడగండి. సూది వేయించుకోండి."

జాకెట్లు కుట్టే నూకరత్నానికి దాని నోరు మూయించడం తెలుసు. గీరుకున్న చోట తడి పసుపు పట్టిస్తే గాజుకు గీత కనబడదు. పెంపుడు పిల్లి రక్కిన ప్రతిసారీ అదే చేసింది. పెళ్ళిళ్ళ రోజుల్లో పనంతా వదిలేసి ఆసుపత్రిలో ఎవరు కూర్చుంటారు?

ఈవేళ మాత్రం మిషను ముందు కుదురుగా కూర్చోలేకపోతోంది. సూదిలో దారం మూడుసార్లు తప్పింది.

"పిల్లి కనబడిందా అండీ?" గుమ్మంలోకొచ్చిన మొగుడు వీర్రాజును అడిగింది.

"పక్కవీధిలో పడుందే. నోట్లోంచి ఒకటే చొంగ. పిచ్చెక్కింది, దగ్గరికెళ్ళొద్దన్నాడు పశువుల డాక్టరు."

నూకరత్నం గాజు వంక చూసింది. అది ఆకుపచ్చగా, నిమ్మళంగా వెలుగుతోంది. కుళాయి దగ్గరికి పరుగెత్తి చేతులకు సబ్బు రుద్దింది. గాజు పలకలేదు.

"అరవవే తల్లీ, అరవవే!" అని దాన్ని బతిమాలింది.

పసుపంతా వదిలాక గాజు ఎర్రబడింది. "ఏడు గీతలు. అన్నిటికన్నా పాతది పన్నెండు రోజులది. వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి!"

"కడగడం అవగానే వెళ్దాం పదండి," అంటూ వెనక్కి తిరిగింది.

"సబ్బు ఇలా ఇవ్వవే," అన్నాడు వీర్రాజు చిన్నగా.

అతను పొడుగు చేతుల చొక్కా పైకి మడిచాడు. మణికట్టు నుంచి మోచెయ్యి దాకా పసుపే.