ఎర్ర కుట్లు

“అక్కా, నాన్న చొక్కా చిరుగు మీద ఎర్ర కుట్లేవి?” నాన్న పాత చొక్కా ముక్కతో అక్క కుట్టిన గుడ్డ గోడచిత్రాన్ని బల్లమీద తిరగేస్తూ తమ్ముడు అడిగాడు. పారేసిన బట్టలతో అక్క కుట్టే చిత్రాలకు మంచి గిరాకీ.

“విప్పేసి తెల్లదారంతో కుట్టాను. తెల్లచొక్కాకి ఎర్రదారమా? పైగా వంకరటింకర! ఏ తాగుబోతు దర్జీ కుట్టాడ్రా?”

“అమ్మ. చివరి రోజుల్లో, చూపు పోయాక.”

అక్క చేతిలో కత్తెర ఆగింది. “చూపు పోవడమేంట్రా? నేను పంపిన ప్రతి చిత్రం చూసి, రంగులు అదిరాయే అని ఫోన్ చేసేదిగా!”

“ఏ రంగులున్నాయో నన్నడిగేది. తెలిస్తే నువ్వు పని మానేసి వచ్చేస్తావని, చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది.”

అక్క చెత్తబుట్ట బోర్లించింది. ఎర్రపోగులన్నీ తునకలే.

కొత్త ఎర్రదారం సూదికెక్కించింది. తన తెల్లకుట్లు విప్పేసింది. కళ్లు మూసుకుని, అమ్మ సూది చేసిన చిల్లులను వేలితో తడుముకుంటూ, వంకరగా కుట్టసాగింది.