ద్రెషాయ్ వారి ఒంటి నక్షత్రం

"అత్తా, నీ కాళ్ళు పట్టుకుంటాను. ఈ రెండు రోజులూ పాపను తీసుకుని మేడ మీదే ఉండు."

లిందిటా గొంతు తగ్గించి బతిమాలుతున్నా, దిలా పిండిలోంచి చేతులు తియ్యలేదు.

"నా ఇంటికి మనిషొస్తే నేను దాక్కోవాలా? బాగుందే కోడలా! పోనీ, పెట్టెలో పెట్టి తాళం వేసెయ్."

"కోప్పడకు. ఆ రాత నీకూ చదివి వినిపించాను కదా."

పోయిన ఆగస్టులో వాళ్ళ అతిథిగృహం గురించి ఎవరో నెట్‌లో ఇటాలియన్‌లో రాశారు. పేరు లేదు, పడవ బొమ్మ ఒక్కటే ఉంది. 'ముసలావిడ తిండి పెట్టి చంపింది. వద్దంటే వినదు. తింటున్నంతసేపూ చెయ్యి గుండెమీద పెట్టుకుని నెత్తిమీద నిలబడుతుంది. ప్రశాంతత లేదు.' కింద ఒక్కటే నక్షత్రం. ఆ తర్వాత ఫోను మోగడం మానేసింది.

ఆ లోయలో పదకొండు గడపలు. అన్నీ ద్రెషాయ్‌లవే. వాటిలో ఆరింటి ముందు 'ద్రెషాయ్ వారి అతిథిగృహం' అనే బోర్డే వేలాడుతుంది. మిగతా ఐదిళ్ళకీ మనుషులు వస్తూనే ఉన్నారు. ఈ వేసవిలో మంచాలు నిండకపోతే లిందిటా భర్త జెఫ్ మళ్ళీ గ్రీసులో ఆలివ్ తోటలకు కూలికి పోవాలి. కిందటిసారి వెళ్ళి వచ్చేసరికి పాప కూర్చోవడం నేర్చింది, తండ్రిని చూసి దడుచుకుని ఏడ్చింది. ఆ ఏడుపు లిందిటా చెవుల్లో ఇంకా ఉంది.

"మన ఇంట్లో తిన్నవాడెవడూ అలా రాయడు," అంది దిలా. పది నెలలుగా అదే మాట. "చుట్టం తింటుంటే కుర్చీలో కూలబడేదానిలా కనిపిస్తున్నానా నేను?"

అయినా చేతులు కడుక్కుని, పాపను చంకనేసుకుని, మెట్లు అదిరేలా పైకి వెళ్ళింది.

మధ్యాహ్నం వచ్చాడు ఒట్టావియో. అరవై ఏళ్ళుంటాయి, ఒంటరిగానే వచ్చాడు. గేటు దగ్గర ఆగి బోర్డు చదివాడు, పక్కింటి బోర్డూ చదివాడు. లిందిటాకు బడి ఏడో తరగతితోనే ఆగింది గాని, చిన్నప్పటి నుంచీ టీవీ చూసి నేర్చిన ఇటాలియన్ ధారాళంగా వచ్చు. పెద్ద హోటళ్ళలో లాగా ముక్తసరిగా పలకరించి, తాళంచెవి చేతికిచ్చి తప్పుకుంది.

అతను గదిలో కుదురుగా లేడు. వంటింటి తలుపు తెరిచి చూశాడు. ఇంటి చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"ఈ పొయ్యి ఎప్పుడూ ఇక్కడే ఉందా అమ్మా?"

"మా మామగారి కాలం నుంచీ ఇక్కడేనండి. పొగ వస్తోందా?"

"లేదు లేదు." మేడ వైపు చూసి మళ్ళీ అడిగాడు. "మెట్లు లోపలి నుంచేనా? బయట మెట్లు లేవా?"

లిందిటాకు అర్థమైపోయింది. వంకలు వెతుకుతున్నాడు. బయట మెట్లు లేనందుకు ఎన్ని నక్షత్రాలు కోస్తాడో!

భోజనం బల్లమీద పెట్టి, అనుకున్నట్టుగానే బయటికి వచ్చేసింది. కిటికీలోంచి తొంగి చూసింది. అతను ఒక్కడే కూర్చుని మొక్కజొన్న రొట్టె తుంచుతున్నాడు. సగం పళ్ళెం అలాగే వదిలేసి ఫోను తీశాడు. ఏదో రాశాడు, చెరిపాడు, మళ్ళీ రాశాడు.

'అయిపోయింది,' అనుకుంది లిందిటా. 'రెండోది కూడా పడింది.'

అప్పుడే మేడ మీద పాప గుక్కపట్టి ఏడ్చింది. పళ్ళొస్తున్న పిల్ల, చిగుళ్ళ నొప్పి. దిలా పాపను భుజాన వేసుకుని ఊపుతూ కిందికి దిగింది. దిగుతూనే సగం పళ్ళెం చూసింది.

"ఓరి దేవుడా! ఏంటయ్యా ఇది? పిట్ట కూడా ఇంతకంటే ఎక్కువే తింటుంది!"

"అత్తా!"

"నువ్వుండవే! నా గడప దాటి ఆకలితో పోయాడంటే రేపు చచ్చాక మీ మామకి ఏ ముఖం చూపించను?"

పాపను అతని ఒళ్ళో పడేసింది. కుండలోని మీగడ పొరల రొట్టె ఇంత ముక్క కోసి పళ్ళెంలో వేసింది. అతనికి ఆవిడ మాట ఒక్కటీ అర్థం కాలేదు. వద్దని చెయ్యి అడ్డం పెట్టాడు. దిలా ఆ చేతిమీద చిన్న దెబ్బ వేసి ఇంకో ముక్క వడ్డించింది. ఆ లోయ మర్యాద ప్రకారం గుండెమీద చెయ్యి పెట్టుకుని అతని ఎదురుగా నిలబడింది.

లిందిటా కళ్ళు మూసుకుంది.

నవ్వు వినిపించి తెరిచింది. పాప అతని బొటనవేలు కొరుకుతోంది. అతను నవ్వుతూ తింటున్నాడు, కళ్ళు తుడుచుకుంటూ తింటున్నాడు. మూడో ముక్క తనే అడిగాడు.

మర్నాడు పొద్దున టీ తాగాక ఒట్టావియో లిందిటాను కూర్చోమన్నాడు. ఫోను ముందుకు జరిపాడు. ఒక్క నక్షత్రం, పడవ బొమ్మ.

"ఇది రాసింది నేనేనమ్మా."

లిందిటా కుర్చీ వెనక్కి తోసి లేచింది. ఇక ఆగలేదు. "మీ నాలుగు ముక్కలు చదివి మా అత్తను నేను మనుషుల్లోకి రానివ్వలేదు తెలుసా? దారిలో పరాయివాళ్ళు కనిపిస్తే ఆవిడ తలొంచుకుని తప్పుకునేది. ఆవిడ!"

అతను తల దించుకున్నాడు. వేలితో నొక్కాడు. నక్షత్రం మాయమైంది. నిన్న రాస్తూ చెరుపుతూ ఉన్నది రాత్రి పూర్తిచేశాడు, అది చూపించాడు. ఐదు నక్షత్రాల కింద, దిలా గురించి ఇంత పొడుగు ఉంది.

"ఏమంటున్నాడే? ఆకలంటున్నాడా?" వంటింట్లోంచి దిలా కేకేసింది.

లిందిటాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. చేతిగుడ్డతో ముఖం తుడుచుకుంది. జెఫ్‌కు ఇక బట్టలు సర్దుకోవద్దని చెప్పాలి.

"తప్పు మాదీ ఉందండి. పోయినేడు మీకు ఏం లోటు చేశామో! మీ ముఖం కూడా గుర్తుపెట్టుకోలేకపోయాను, మన్నించండి."

ఒట్టావియో చెవులు ఎర్రబడ్డాయి.

"ఈ ఇంటి గడప తొక్కడం నాకిదే మొదటిసారమ్మా. పోయినేడు నేను దిగింది, బయట మెట్లున్న ఇంకో ద్రెషాయ్ వారింట్లో."