హంతకుడెవరంటే...

“టోకెన్ అంటే ఏంటండీ? దాన్నెక్కడ అతికించాలి?” అని టైపు చేసి, గోళ్లు కొరుక్కుంటూ కూర్చుంది లైబ్రేరియన్.

“అది మీ చాట్‌బాట్‌కి తాళంచెవి. సెట్టింగుల ఫైల్లో మూడో వరసలో పెట్టండి. ఎవరికీ చూపించకండి,” అని జవాబిచ్చాడు గుడ్లగూబ.

సొంతంగా చాట్‌బాట్‌లు తయారుచేసుకునేవాళ్ల గ్రూపులో అతను పెట్టుకున్న పేరది. ముఖం తెలీదు, ఊరు తెలీదు. మనిషి మాత్రం బంగారం. వారం రోజులుగా ఆమె భోజనం వేళకి సరిగ్గా దొరుకుతున్నాడు, అడిగిందే అడిగినా విసుక్కోకుండా చెబుతున్నాడు.

“ఇంతకీ ఈ బాట్ దేనికండీ?”

“మా ఆయన మీద పగ తీర్చుకోడానికి.”

“అమ్మో! ఏం చేశాడు పాపం?”

“పాపమా!” ఆమె వేళ్లు టకటకలాడాయి.

పదకొండేళ్ల కాపురంలో ఒక్క డిటెక్టివ్ నవలనీ ప్రశాంతంగా ముగించిన పాపాన పోలేదు. ఆమె ఏ పుస్తకం తెరిచినా సరే, లిఫ్టు మెకానిక్కయిన ఆ మహానుభావుడు ముందుగా ఆఖరి పేజీ చదివేసి, కాఫీ అందిస్తూ “హంతకుడు డాక్టరేనోయ్” అనేవాడు. కోప్పడితే పళ్లికిలించేవాడు. అక్కతో మొరపెట్టుకుంటే ఆవిడ కూడా నవ్వింది. కడుపు మండిపోదూ మరి!

“అలాంటివాణ్ణి ఊరికే వదలకూడదండి,” అన్నాడు గుడ్లగూబ. “గట్టిగా బుద్ధి చెప్పాల్సిందే.”

ఒక్క సంగతి మాత్రం అతనికీ చెప్పలేదు. ఆరేళ్లుగా ఎదురుచూసిన నవల ఆఖరి భాగం మొన్ననే చేతికొచ్చింది. దానికి వంటల పుస్తకం అట్ట తొడిగి, దుప్పట్ల అడుగున దాచింది. దీన్నయినా చివరిదాకా తనంతట తాను చదవాలి. ఈ విషయంలో దేవుణ్ణి కూడా నమ్మదలుచుకోలేదు.

మొగుడు సెలవుల కోసమని ఇంట్లో టీవీకి తగిలించిన పాత కంప్యూటర్లో నలభై మిస్టరీ సినిమాలు దాచుకున్నాడు. వాటిలో ఏది మొదలుపెట్టినా, అదే కంప్యూటర్లో కూర్చున్న బాట్ పసిగట్టి, హంతకుడి ఫొటోకి ఎర్ర సున్నా చుట్టి ఆయన ఫోనుకి పంపాలి. నలభై ముగింపులూ వెతికి, నలభై సున్నాలూ తనే చుట్టింది.

ఆదివారం మధ్యాహ్నం ఆయన సోఫాలో కాళ్లు బార్లా చాపి సినిమా పెట్టాడు. ఇంకా పేర్లు పడుతున్నాయి. టింగుమంది ఫోను.

“ఇదేంటోయ్, హంతకుడు పోస్ట్‌మాస్టరంట! ఎవడు పంపాడిది?”

“నాకేం తెలుసు?” అంది బట్టలు మడతపెడుతూ. లోలోపల ఎగిరి గంతేసింది.

ఇంకో సినిమా పెట్టాడు. టింగ్! మూడోది. మళ్లీ టింగ్!

“వాడి చేతులు పడిపోను!” అని రిమోట్ విసిరేశాడు. “అలా తిరిగొస్తా” అంటూ ఫోను జేబులో వేసుకుని బయటికెళ్లిపోయాడు.

తలుపు గడియ పెట్టి, నవల తీసుకుని కిటికీ పక్కన చేరింది. పదకొండేళ్ల కసి తీరి ప్రాణం హాయిగా ఉంది. ఇక మిగిలింది యాభై పేజీలే. చంపింది వకీలేనని ఆమెకి గట్టి అనుమానం, అంచున పెన్సిల్‌తో రాసుకుంది కూడా. చదివేముందు గుడ్లగూబకి ఒక మాట చెప్పడం ధర్మమనిపించి ఫోనందుకుంది.

“మీ మేలు మరిచిపోలేనండీ! ఆయన ముఖం మాడిపోయింది, మీరు చూడాల్సింది!”

“దాందేముంది లెండి,” అని వెంటనే జవాబొచ్చింది. దాని కిందే ఇంకోటి.

“వకీలు కాదోయ్, వంటమనిషి.”