కంచె లోపల పాలు

"జైలుకెవులైనా పాలు పొంగిస్తారేటి?" నరసమ్మ పాలడబ్బా ఠపీమని కింద పెట్టింది.

అడవిలోని తిరుగుబాటుదారులకు తిండి అందకూడదని సర్కారు ఈ కుటుంబాలను ఎస్టేటు నుంచి తెచ్చి ముళ్లకంచెలో పెట్టింది. ఎవరి గుడిసె వాళ్లే కట్టుకోవాలి. అడవిలోకి దాచి పంపుతారన్న అనుమానంతో, నిలవ ఉండకుండా గేటు దగ్గర పాలడబ్బాకు కూడా చిల్లు పొడిచారు.

"సీకటి పడితే గేటుకి తాళం. ఇదీ ఒక ఇల్లేనా?"

మొగుడు అప్పడు గుడిసె నడుమ పాతిన నిట్రాడ గుంజ మొదట్లో మట్టి కూరుతూ అన్నాడు. "ఎస్టేటోళ్లిచ్చిన లైనింట్లో అన్నేళ్లున్నావు. ఒక్కనాడైనా పాలు పొంగించినావేటే?"

"అది దొర ఇల్లు. నానెందుకు పొంగిస్తాను?"

"మరి ఈ నిట్రాడ ఎవులు పాతినారు?"

నరసమ్మ విసుగ్గానే పొయ్యి రాజేసి, గిన్నె పెట్టి, పాలు వంచింది.

"ఆ తడిక అడ్డమెట్టయ్యా. కంచె అగుపడకండా పొంగిస్తాను."