మాట్లాడని దొడ్డి

"మీ పేగులో కండలా పెరిగిన పాలిప్‌కి జిగురు కణాలు తగ్గాయి, మూలకణాలు పెరిగాయి. రేపు మళ్లీ చూస్తాను," అని మలాన్ని పరీక్షించే బాత్రూం గొంతెత్తి చెప్పిన రోజునుంచీ సుభాషిణి మామగారు ఇంటి మరుగుదొడ్డి మొహం చూడటం మానేశారు.

ఊళ్లో మాట్లాడని దొడ్డి బస్టాండులోదొక్కటే మిగిలింది. పొద్దున్నే చెప్పాపెట్టకుండా అక్కడికే పోతున్నారు. ఆలస్యం చేస్తే పాలిప్ కాస్తా క్యాన్సరవుతుందని డాక్టరు చెప్పాక సుభాషిణికి కాలూ చెయ్యీ ఆడటం లేదు. ఇవాళ పొయ్యి ఆర్పేసి ఆటో ఎక్కింది.

బస్టాండు దొడ్డి ముందు వరస రోడ్డుదాకా ఉంది. అందులో మామగారు.

"ఇంటికి పదండి మామయ్యగారూ! ఎన్నాళ్లిలా దాక్కుంటారు?"

"నన్నొక్కణ్ణే అంటావేంటమ్మా?" ఆయన వెనక్కి చూశారు.

వెనకున్నవాడు ముఖానికి తువ్వాలు చుట్టుకున్నాడు. చొక్కా మాత్రం రోజూ వాకింగుకని వెళ్లే తన మొగుడిదే. నిన్న తనే ఇస్త్రీ చేసింది.