లోరీన్ ఇచ్చిన శ్రుతి

“అది కాదు. లోరీన్ శ్రుతి అది కాదే,” అంది ఒడెస్సా, తలుపుకి అడ్డంగా నిలబడి.

చెల్లెలు వెర్డెల్ కూనిరాగం ఆపింది. గోడకవతల, మెంఫిస్ చర్చిలో జనం అప్పుడే చప్పట్లు మొదలుపెట్టారు. ముందు వరుసలో రికార్డు కంపెనీ ఆయన కూర్చున్నాడు.

ఇరవయ్యేళ్ల పాటు ఆ ముగ్గురు అక్కచెల్లెళ్లు పియానో లేకుండానే పాడారు. నడిపిది లోరీన్ పెదవులు విప్పకుండా శ్రుతి అందిస్తే మిగతా ఇద్దరూ అందుకునేవారు. లోరీన్‌ని మట్టిలో పెట్టి ఏడు వారాలైంది.

“ఇదే అక్కా.”

“నాకు చెప్తావా? అది శ్రుతి ఇస్తే చర్చి కప్పు లేచిపోయేది. నువ్వేమో బావిలోంచి తోడుతున్నావు. ఇలాగైతే నేను రాను. మా పాట దానితోనే పోయిందని వాళ్లకి చెప్పేయ్.”

“పోయింది నీ గొంతు!” వెర్డెల్ నోరు జారింది. తర్వాత మెల్లగా అంది: “రెండేళ్లుగా నీకు పై స్వరాలు అందట్లేదక్కా. లోరీనక్కే కొంచెం కొంచెంగా శ్రుతి దించుతూ వచ్చింది. నీకు చెప్పనని నాచేత బైబిలు మీద ఒట్టేయించుకుంది.”

ఒడెస్సాకి గుర్తొచ్చింది. పాడి దిగిన ప్రతిసారీ, “చూశావా, నా గొంతు ఇంకా ఇనుమే,” అని తను గొప్పలు పోయేది. లోరీన్ నవ్వి, మంచినీళ్లు అందించేది.

పాస్టరు వాళ్ల పేర్లు పిలిచాడు.

ఒడెస్సా తలుపు ముందు నుంచి పక్కకి జరిగింది.

“మళ్లీ ఇయ్యి,” అంది.

వెర్డెల్ శ్రుతి ఇచ్చింది.

“ఇంకొక్క మెట్టు దించవే.”