అన్నదమ్ముల సినిమా

"చూడండ్రా, వీళ్లు చిన్నప్పుడు తప్పిపోయిన అన్నదమ్ములు!" అని మైకులో అరిచాడు, తెర పక్కన కూర్చుని సినిమాకి మాటలు చెప్పే వీజే.

మసాకా ఊళ్లో మా వీడియో హాలుకి ఏ దేశపు సినిమా వచ్చినా, కథ మాత్రం వీజే నోటి నుంచి మా లుగాండా భాషలోనే రావాలి. తెర మీద ఇద్దరు కొరియా కుర్రాళ్లు, బడి యూనిఫారాల్లో, వానలో చేతులు పట్టుకుని నిలబడ్డారు.

"అన్నదమ్ములు అలా పట్టుకుంటారా?" అన్నాడెవడో వెనక బెంచీ నుంచి.

"ముందు మీ తమ్ముడి అరటితోట వాడికి తిరిగిచ్చెయ్, నీ చెయ్యీ పట్టుకుంటాడు!" అన్నాడు వీజే.

హాలంతా గొల్లుమంది. నాకు నవ్వు రాలేదు. తప్పకుండా చూడాలని మా క్లాసు ముగాబి అంటే, ఈ సినిమా ఇద్దరం ఒకే ఫోనులో చూశాం. వాళ్లు అన్నదమ్ములు కారని నాకు తెలుసు. లేచి వెళ్లిపోదామంటే ఒక పక్క గోడ, ఇంకో పక్క నాన్న.

తెర మీద పెద్దవాళ్లు ఆ ఇద్దర్నీ చెరో ఊరికి పంపేశారు. నాన్న చేతిరుమాలుతో కళ్లొత్తుకున్నాడు.

"ముత్యాల్లాంటి పిల్లల్రా అబ్బాయ్! విడదీయడానికి ఆ కసాయివాళ్లకి చేతులెలా వచ్చాయి? సోమవారం ప్రార్థనలో చెబుతాను, మన బడి పిల్లలంతా చూడాలి ఈ సినిమా."

"ఊఁ" అన్నాను.

మా బడికి హెడ్మాస్టరు నాన్నే. పోయిన నెల అదే ప్రార్థనలో ముగాబిని ముందుకు పిలిచి, మగపిల్లాణ్ణి ప్రేమించాడని బడి నుంచి వెళ్లగొట్టాడు. ఆ రెండోవాడెవడో చెప్పమని బెత్తం విరిగేదాకా కొట్టాడు.

ముగాబి చెప్పలేదు.